దున్నడంతోనే దారి తప్పామా? వ్యవసాయాన్ని మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాల్సి వస్తే

మట్టివేళ్ళు · సోమవారం, రాత్రి 9:40

పర్యావరణం అనగానే మనకి పొగగొట్టాలు, కార్లు, ప్లాస్టిక్ గుర్తొస్తాయి. పొలాన్ని మాత్రం ప్రకృతి పక్షాన వేసేస్తాం, పచ్చగా ఉంటుంది కాబట్టి. లెక్కలు చూస్తే అలా లేదు. మనుషులు బతకడానికి పనికొచ్చే నేలలో దాదాపు సగం ఇప్పుడు వ్యవసాయం కిందే ఉంది. నదుల్లోంచి, భూమిలోంచి తోడుకునే మంచినీటిలో సుమారు 70 శాతం అక్కడికే పోతోంది. అడవుల నరికివేతకి అతి పెద్ద కారణం కూడా అదే. 2018లో వచ్చిన ఒక అంచనా ప్రకారం భూమ్మీద క్షీరదాలన్నిటినీ తూకం వేస్తే అడవి జంతువుల వాటా 4 శాతం. మిగతాదంతా మనమూ, మనం పెంచే పశువులూను.

ఏ నేలనైనా దాని మానాన వదిలేస్తే ముందు ఏడాదిలో పుట్టి పోయే గడ్డీ గాదం వస్తాయి. తర్వాత ఏళ్ళ తరబడి బతికే గడ్డి, ఆ పైన పొదలు, చెట్లు. మనం ప్రతి ఏడూ దున్ని, ఆ నేలని మళ్ళీ మొదటి మెట్టు మీదికి దించేస్తున్నాం. వరి, గోధుమ, మొక్కజొన్నలను మనం పండించేది ఆ మొదటి మెట్టు మీదే. మొక్కల నుంచి మనిషికి అందే కేలరీల్లో సగానికి పైగా ఈ మూడింటివే.

అందుకే అడుగుతున్నాను. ఇదంతా యూరియాతో, పురుగుమందులతో మొదలైందా? లేక పదివేల ఏళ్ళ కిందట మొదటి దుక్కితోనే మొదలైందా? సమాధానాన్ని బట్టి చేయాల్సిన పని మారిపోతుంది.

పలుగుపార · సోమవారం, రాత్రి 9:58

మొదటి దుక్కితోనే అంటే, మళ్ళీ వేటకి పోదామంటారా? 800 కోట్ల మందికి సరిపడా కుందేళ్ళు ఎక్కడున్నాయో చూపించండి, వల నేను తెస్తాను.

నత్రజని · సోమవారం, రాత్రి 11:15

పలుగుపార గారు వెటకారంగా అన్నా, అసలు చిక్కు అక్కడే ఉంది. పంట పెరగాలంటే నత్రజని కావాలి. గాలిలో దానికి కొదవ లేదు కానీ మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. పప్పుజాతి మొక్కల వేళ్ళలో ఉండే బాక్టీరియా, కొంత మెరుపులు, కొంత పశువుల ఎరువు, ఇవే ఒకప్పటి దారులు. 1909లో ఫ్రిట్జ్ హాబర్ గాలిలోని నత్రజనిని, యూరియా లాంటి ఎరువులకి మూలమైన అమ్మోనియాగా మార్చి చూపించాడు. 1913లో జర్మనీలోని ఓపావులో కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. ఇవాళ ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తిండి ఆ పద్ధతి మీదే నిలబడి ఉంది. "రసాయనాలన్నీ రేపటి నుంచి బంద్" అనేవాళ్ళు, ఆ సగంలో ఎవరిని తీసేయాలో కూడా చెప్పాలి.

ఇది ఊరికే బెదిరింపు కాదు. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. రైతులకి సిద్ధపడే సమయం లేదు, ప్రత్యామ్నాయ ఎరువు చాలినంత లేదు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది, అదే ఏడాది నవంబర్ కల్లా ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

అలాగని ఎరువుల బస్తాకి దండేసి కూర్చోమనడం లేదు. పొలంలో వేసిన నత్రజనిలో పంటకి చేరేది సుమారు సగమే. మిగతాది నీళ్ళలో కలుస్తుంది, గాలిలోకి పోతుంది. మిసిసిపీ నది మోసుకొచ్చే ఎరువుల వల్ల గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ప్రతి వేసవిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన జోన్ ఒకటి ఏర్పడుతోంది. అక్కడ చేపలైతే తప్పించుకు పోతాయి, అడుగున పాకే జీవులు పోలేవు. నేలలోంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ అయితే, వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు వేడెక్కిస్తుంది.

కాబట్టి నేను మీ ప్రశ్నని కొంచెం మారుస్తాను. సగం వృథాగా పోతుంటే ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతోంది? రైతు ఖాతాలో బస్తా ఖర్చు మాత్రమే పడుతోంది. సముద్రం ఖాతా ఎవరూ రాయడం లేదు.

అడవిదారి · మంగళవారం, ఉదయం 6:50

లెక్కలు మంచివే. కానీ ఖాతాల భాషలో మాట్లాడినంత కాలం నది అంటే మనకి కాలువ, మట్టి అంటే మొక్కని నిలబెట్టే స్పంజి. నా గొడవ ఆ చూపుతోనే.

1958లో చైనాలో పిచ్చుకలు ధాన్యం తినేస్తున్నాయని వాటి మీద ఉద్యమమే నడిపారు. డప్పులు కొట్టి, గిన్నెలు మోగించి, వాలనీయకుండా తరిమి తరిమి చంపారు. పిచ్చుక తినే గింజలు మాత్రమే లెక్కకొచ్చాయి, అది తినే పురుగులు రాలేదు. పిచ్చుకలు పోయాక పురుగులు విజృంభించాయి. 1960లో, చంపాల్సిన నాలుగు చీడల జాబితాలోంచి పిచ్చుకని తీసేసి నల్లిని చేర్చారు. ఆ తర్వాతి కరువుకి కారణాలు చాలా ఉన్నాయి, అంతా పిచ్చుకల మీద తొయ్యను. పొలంలో తిరిగే ప్రతి ప్రాణినీ "మనకి లాభమా, నష్టమా" అని రెండు గంపల్లో వేసే అలవాటు మాత్రం ఇప్పటికీ పోలేదు.

దీనికి ఎదురు దారిలో నడిచినవాళ్ళూ ఉన్నారు. 2008లో ఈక్వడార్ తన రాజ్యాంగంలోనే ప్రకృతికి హక్కులు రాసుకుంది. 2017లో న్యూజిలాండ్‌లో వాంగనూయి నదిని చట్టం ఒక వ్యక్తిగా గుర్తించింది. దాని తరఫున మాట్లాడటానికి ఇద్దరు ప్రతినిధులు, ఒకరు ప్రభుత్వం నుంచి, ఒకరు ఆ నదిని తమ పూర్వీకుడిగా భావించే మావోరీల నుంచి. మన పొలాల విషయంలో అలాంటి ఆలోచన ఎందుకు రాకూడదు?

పలుగుపార · మంగళవారం, ఉదయం 7:20

నదికి లాయరు దొరికాడు, సంతోషం. రైతుకి ఎప్పుడు దొరుకుతాడు?

పాతకాపు · మంగళవారం, మధ్యాహ్నం 1:05

చదువుతూ ఉన్నాను. నేను సేద్యం చేసేవాణ్ణి, నాలుగు మాటలు చెబుతాను.

దున్నకూడదు అనడం తేలిక. దున్నేది సరదాకి కాదండీ, కలుపు కోసం. దున్నకుండా సాగు చేస్తున్న పెద్ద దేశాల్లో అత్యధికులు ఆ పని కలుపు మందుతో చేస్తున్నారు. మట్టి కొట్టుకుపోవడం తగ్గింది, నిజమే. మందు మాత్రం పెరిగింది. కొన్నాళ్ళకి ఆ మందుకి చావని కలుపు వచ్చింది. మందూ వద్దు, దుక్కీ వద్దు అంటే మనుషులు కావాలి, వంగి కలుపు తీసేవాళ్ళు. ఆ పని మీ పిల్లలతో చేయిస్తారా అని ఈ మాటలు చెప్పేవాళ్ళని అడగాలనిపిస్తుంది. ఎక్కడ చూసినా కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే, ఆ సంగతి ప్రకృతి సేద్యం ఉపన్యాసాల్లో రాదు.

రెండోది. పద్ధతి మారిస్తే మొదటి కొన్నేళ్ళు దిగుబడి తగ్గుతుంది. నేల కోలుకోవడానికి టైమ్ పడుతుంది, రైతు చెయ్యి తిరగడానికీ పడుతుంది. అప్పు మీద వడ్డీ ఆగదు. అడవిదారి గారూ, మీ చూపు మారాలన్న మాటకి నేను ఎదురు చెప్పను. నా చూపు మారినా బ్యాంకు చూపు మారదు కదా?

వానకోకిల · మంగళవారం, సాయంత్రం 5:30

నేను చదువుకుంటున్నాను, వ్యవసాయం చేసిన అనుభవం లేదు. తెలియక అడుగుతున్నాను. దిగుబడి పెంచితే తక్కువ నేలతో సరిపోతుంది, మిగతాది అడవికి వదిలేయొచ్చు అని ఒక వాదం ఉంది. దిగుబడి కాస్త తగ్గినా పర్వాలేదు, పొలంలోనే పక్షులకీ పురుగులకీ చోటివ్వాలి అని ఇంకో వాదం. ఏది నిజం?

నత్రజని · మంగళవారం, రాత్రి 8:10

మంచి ప్రశ్న. రెంటికీ ఆధారాలున్నాయి. 1961 నుంచి చూస్తే ప్రపంచంలో ధాన్యం ఉత్పత్తి మూడు రెట్లకు పైగా పెరిగింది, ధాన్యం సాగయ్యే నేల మాత్రం కొద్దిగానే పెరిగింది. దిగుబడి పెరక్కపోయి ఉంటే ఎంత అడవి పోయేదో ఊహించుకోవచ్చు. పొలం పక్కన బతకలేని జీవులు చాలా ఉన్నాయి, వాటికి పెద్ద అడవే కావాలి.

కానీ "మిగిలిన నేల అడవికి వెళ్తుంది" అన్న భాగం దానంతట అది జరగదు. ఎకరం మీద లాభం పెరిగితే ఇంకో ఎకరం నరకడానికి ఉత్సాహం పెరగొచ్చు. అమెజాన్ అంచుల్లో పశువుల మేత కోసం, సోయా కోసం జరిగిన నరికివేతకి కారణం తక్కువ దిగుబడి కాదు. అడవిని కాపాడే చట్టం, దాన్ని అమలు చేసే మనుషులు లేకపోతే దిగుబడి ఒక్కటే ఏమీ కాపాడదు.

ఇంకో మాట. పండే నేల గురించి ఇంత కొట్టుకుంటున్నాం కానీ, వ్యవసాయ నేలలో నాలుగింట మూడొంతులకు పైగా పశువుల మేతకీ దాణాకీ పోతోంది. దాన్నుంచి మనిషికి అందే కేలరీలు ఐదో వంతు కంటే తక్కువ. అన్ని గడ్డి భూములూ పంటకి పనికిరావు, అది ఒప్పుకుంటాను. మనిషి తినగలిగే గింజని పశువుకి పెట్టడం గురించి మాత్రం మాట్లాడక తప్పదు.

మట్టివేళ్ళు · మంగళవారం, రాత్రి 9:25

నా మొదటి ప్రశ్నకి తిరిగొస్తాను, ఎందుకంటే దానికి సమాధానం వెతుకుతున్నవాళ్ళు నిజంగానే ఉన్నారు. అమెరికాలోని కాన్సాస్‌లో ల్యాండ్ ఇన్‌స్టిట్యూట్ 1976 నుంచి ఒకే పట్టు మీద ఉంది: ఒకసారి విత్తితే ఏళ్ళ తరబడి నిలిచే ధాన్యం కావాలి. వాళ్ళు తెచ్చిన కెర్న్జా అనే గడ్డి ధాన్యం వేళ్ళు మూడు మీటర్ల దాకా దిగుతాయి. మట్టిని పట్టుకుంటాయి, నీళ్ళతో జారిపోయే నైట్రేట్ రూపంలోని నత్రజనిని లోతులోనే పట్టేస్తాయి. చిక్కేమిటంటే గింజ చిన్నది, దిగుబడి గోధుమలో చిన్న వంతే.

చైనాలోని యున్నాన్ విశ్వవిద్యాలయం ఇంకాస్త ముందుకి వెళ్ళింది. మామూలు వరిని ఆఫ్రికాలోని, ఏళ్ళ తరబడి బతికే ఒక అడవి వరితో కలిపి పీఆర్23 అనే రకం తెచ్చారు, 2018లో రైతుల చేతికిచ్చారు. ఒకసారి నాటితే నాలుగేళ్ళలో ఎనిమిది కోతలు, దిగుబడి మామూలు వరితో సమానంగా. చెరకు నరికాక అదే దుబ్బు నుంచి మళ్ళీ వచ్చే పంటని కార్శి అంటారు కదా, ఇది వరిలో కార్శి అనుకోండి. ప్రతిసారీ దున్ని, నారు పోసి, నాట్లు వేసే పని లేదు. పలుగుపార గారు అడిగిన కుందేళ్ళ అవసరం లేకుండానే మొదటి మెట్టు మీదికి దిగకుండా ఉండొచ్చేమో.

పాతకాపు · బుధవారం, ఉదయం 5:45

కార్శి అంటే నాకు బాగా తెలుసు. కొత్తగా నాటిన మొక్క తోటలో లేని తెగులు కార్శిలో నిలదొక్కుకుంటుంది. నాలుగేళ్ళు అదే దుబ్బు అదే చోట ఉంటే పురుగు ఎక్కడికీ పోనక్కర్లేదు, ఇల్లు కట్టుకుంటుంది. కలుపు కూడా అంతే. ఏటా దున్నితే అది ఒక మందు లాంటిదే.

వద్దనడం లేదు. నాట్ల కూలి మిగలడం చిన్న సంగతి కాదు. ఒక మడిలో వేసి చూస్తాను, పొలం మొత్తం వేయమంటే మాత్రం వేయను.

నత్రజని · బుధవారం, ఉదయం 9:00

పాతకాపు గారి అనుమానం సరైనదే. ఆ వరి మీద వచ్చిన ఫలితాల్లోనే కలుపు మందు ఒకటి రెండుసార్లు ఎక్కువ కొట్టాల్సి వచ్చిందని ఉంది. ఐదో ఏడాదికి దిగుబడి పడిపోతుంది కూడా. అయినా అనుకున్నదాని కంటే చాలా ముందుకు వచ్చిన పని అది.

ఇక "రసాయనమా, సేంద్రియమా" అన్న గొడవకి నాకు నచ్చిన సాక్ష్యం వేరే ఉంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో బ్రాడ్‌బాక్ అనే పొలంలో 1843 నుంచి గోధుమ పండిస్తూనే ఉన్నారు. ఒక మడికి ఏమీ వేయరు, ఒకదానికి పశువుల ఎరువు, మిగతావాటికి రకరకాల మోతాదుల్లో రసాయన ఎరువులు. ఏమీ వేయని మడి హెక్టారుకి సుమారు ఒక టన్ను దగ్గర ఈడుస్తోంది, చచ్చిపోలేదు. పశువుల ఎరువు మడి దశాబ్దాల పాటు రసాయన మడులతో దాదాపు సమానంగా పండింది, పైగా దాని మట్టిలో సేంద్రియ కర్బనం రెండు రెట్లు దాటింది. సేంద్రియం వాళ్ళు ఇక్కడే ఆగిపోతారు.

నేను ఆగను. ఆ మడికి ఏటా హెక్టారుకి 35 టన్నుల ఎరువు వేశారు. ఆ ఎరువు ఇచ్చిన పశువులు ఎంత నేల మీద మేసి ఉంటాయి? ఒక హెక్టారుని బలంగా ఉంచడానికి ఇంకెక్కడో నేల సారాన్ని తరలిస్తున్నాం. పప్పుజాతి పంటలతో నత్రజని లోటు కొంత పూడ్చుకోవచ్చు, పంటకి అంతే అవసరమైన భాస్వరాన్ని (ఫాస్ఫరస్‌ని) గాలిలోంచి ఏ బాక్టీరియా తేలేదు. గనుల్లోంచి తవ్వాలి, లేకపోతే తిన్నది తిరిగి పొలానికి చేరాలి.

దిక్సూచి · బుధవారం, మధ్యాహ్నం 12:40

ఆలస్యంగా వచ్చాను. పాతకాపు గారు మంగళవారం అడిగిన బ్యాంకు ప్రశ్నని అందరూ దాటేసి వరి రకాల మీదికి వెళ్ళిపోయారు. నాకు ఈ చర్చ మొత్తంలో అదే ముఖ్యమైనది.

ప్రపంచ ప్రభుత్వాలు రైతులకి మద్దతు పేరుతో ఏటా సుమారు 54,000 కోట్ల డాలర్లు ఇస్తున్నాయని 2021లో ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్క కట్టాయి. అందులో 87 శాతం ధరలని వక్రీకరించేదో, పర్యావరణానికీ సమాజానికీ చెరుపు చేసేదో అని అవే తేల్చాయి. అంటే డబ్బు లేక కాదు. ఎరువు ఎక్కువ వాడినవాడికీ, ఒకే పంట వేసినవాడికీ ఇచ్చే దాన్ని, పద్ధతి మార్చే మొదటి ఏళ్ళ నష్టానికి బీమాగా ఇవ్వొచ్చు. అలా చేయకుండా రైతుకి ప్రకృతి మీద ప్రేమ నేర్పిస్తామనడం నాకు సిగ్గులేని పనిలా కనిపిస్తుంది.

రైతు హక్కు విషయంలో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఆఫ్రికాలో సహారా దక్షిణ అంచున నైజర్ అనే దేశం ఉంది. అక్కడ ఒకప్పుడు పొలంలో మొలిచిన చెట్టు ప్రభుత్వానిదిగా ఉండేది. కొమ్మ నరికితే జరిమానా. దాంతో రైతు చెట్టు మొలకెత్తగానే పీకేసేవాడు. 1980ల్లో మరాది ప్రాంతంలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా ఆయన మొక్కలు నాటి నాటి విసిగిపోయాడు, చాలావరకు చచ్చిపోయేవి. ఎడారిలా కనిపించే ఆ పొలాల్లో నరికిన చెట్ల వేళ్ళు ఇంకా బతికే ఉన్నాయని, ఏటా పిలకలు వేస్తున్నాయని తర్వాత గమనించాడు. కొత్తగా నాటక్కర్లేదు. మంచి పిలకలు ఉంచి మిగతావి కత్తిరిస్తే చాలు. అదే సమయంలో చెట్టు మీద ప్రభుత్వ పెత్తనం సడలింది, పెంచిన చెట్టు తనదే అన్న ధీమా రైతుకి వచ్చింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి. ఆ రైతులు ప్రపంచంలోని అత్యంత పేదవాళ్ళలో ఉన్నారు. వాళ్ళకి ముందు మారింది చూపు కాదు, హక్కు.

అడవిదారి · బుధవారం, మధ్యాహ్నం 2:15

దిక్సూచి గారూ, మీరే చెప్పిన కథలో వేళ్ళు బతికే ఉన్నాయని చూసిన కన్ను ఒకటి ఉంది కదా. అందరూ బీడు అనుకున్న చోట అతనికి పిలక కనబడింది. హక్కు ఇచ్చినా ఆ కన్ను లేకపోతే ఎవరో మళ్ళీ యూకలిప్టస్ నాటేవారు.

దిక్సూచి · బుధవారం, మధ్యాహ్నం 2:31

సరే, రెండూ కావాలి. ఏది ముందు అంటే మాత్రం నేను హక్కే అంటాను. రేపు భూమి లాగేసుకుంటారన్న భయంతో ఉన్న కౌలుదారుకి పదేళ్ళకి పండే చెట్టు గురించి చెప్పి చూడండి.

పలుగుపార · బుధవారం, సాయంత్రం 4:00

ఇంతకీ ప్రయోగశాలలో తొట్టెల్లో బాక్టీరియాతో ప్రోటీన్ తయారు చేస్తామంటున్నారు కదా, పొలమే వద్దు, అంతా అడవికి వదిలేద్దాం అని. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదే?

నత్రజని · బుధవారం, సాయంత్రం 4:50

ప్రోటీన్ వరకు కొంత జరగొచ్చు. తొట్టెకి చక్కెర కావాలి, లేదా హైడ్రోజన్, దానికి బోలెడు కరెంటు. చక్కెర పొలం నుంచే రావాలి. కేలరీల మాటకొస్తే సూర్యరశ్మిని ఆకు కంటే చవగ్గా తిండిగా మార్చే యంత్రం ఇంకా లేదు. పైగా ఆ తొట్టె ఒకటి రెండు కంపెనీల చేతిలో ఉంటుంది.

వానకోకిల · బుధవారం, రాత్రి 8:20

పాతకాపు గారూ, ఒక ప్రశ్న. దిక్సూచి గారు చెప్పినట్టు మొదటి ఏళ్ళ నష్టానికి బీమా దొరికితే మీరు ఏం మారుస్తారు? నిజంగా చేసే పని చెప్పండి.

పాతకాపు · గురువారం, ఉదయం 5:30

అడిగావు కాబట్టి చెబుతానమ్మా. దుక్కి మొత్తం ఆపను. రెండు పంటల మధ్య నేలని ఎండకి వదిలేయకుండా పచ్చిరొట్ట వేసి కప్పుతాను. యూరియా ఒకేసారి చల్లకుండా విడతలుగా, పంట అడిగినప్పుడే వేస్తాను. దానికి మనిషి పని ఎక్కువ, అందుకే చాలామంది చేయరు. గట్ల మీద చెట్లు పెంచుతాను, నీడకి దిగుబడి తగ్గే రెండు సాళ్ళ నష్టం బీమాలో కలిపితే. ధాన్యం తర్వాత ధాన్యం కాకుండా మధ్యలో పప్పు పంట వేస్తాను, కొనేవాడు ఉంటే. పప్పు పంట నేలకి మంచిదని నాకు తెలియక కాదు. కొనుగోలు గ్యారంటీ ధాన్యానికి ఉన్నట్టు దానికి లేదు.

నది లాయరు సంగతి అడవిదారి గారు ఎత్తారు కదా. పై పొలం వాళ్ళు వదిలిన మందు నీళ్ళు నా పొలంలోకి వస్తాయి, నావి కింది పొలంలోకి పోతాయి. ఒక్కణ్ణి మారితే నా నీళ్ళు మారవు. ఒకే కాలువ కింద ఉన్నవాళ్ళందరికీ కలిపి బీమా ఇస్తే పని జరుగుతుంది. విడివిడిగా ఇస్తే కాగితాల మీదే జరుగుతుంది.

దిక్సూచి · గురువారం, ఉదయం 10:10

కాలువని యూనిట్‌గా తీసుకోవడం మంచి ఆలోచన. వ్యక్తికి కాకుండా నీటి పరివాహక ప్రాంతానికి డబ్బిస్తే, నత్రజని గారు చెప్పిన "సముద్రం ఖాతా" కూడా కొలవొచ్చు. కాలువ చివర నైట్రేట్ ఎంత ఉందో ఏటా చూస్తే చాలు, ప్రతి పొలంలోకీ ఇన్‌స్పెక్టర్ వెళ్ళనక్కర్లేదు.

పాతకాపు · గురువారం, మధ్యాహ్నం 12:55

ఇన్‌స్పెక్టర్ రాకపోతే సగం రైతులు ఇప్పుడే సంతకం పెడతారు.

నత్రజని · గురువారం, రాత్రి 9:05

కొలవడం సులువే, పరీక్ష ఖర్చు కూడా తక్కువ. కాకపోతే నేలలో పాత నైట్రేట్ నిల్వ ఉంటుంది. భూగర్భ జలాల్లోంచి అది బయటికి రావడానికి కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది. ఇవాళ ఎరువు తగ్గించినా రెండు మూడేళ్ళు కాలువ చివర ఏ తేడా కనబడకపోవచ్చు. "ఫలితం లేదు, బీమా ఆపండి" అని ఎవరో ఒకరు లేస్తారు. అందుకే మొదట్లో నీటిని కాదు, బస్తాల లెక్కనీ పంట పీల్చుకున్న లెక్కనీ చూడాలి.

భాస్వరం విషయం మాత్రం ఇంకా అలాగే ఉంది. పొలం నుంచి నగరానికి పోయిన ధాన్యంతో పాటు భాస్వరం కూడా పోతుంది. నగరం దాన్ని మురుగు కాలువలోకి వదులుతుంది. మనిషి మూత్రంలో ఉన్న నత్రజని, భాస్వరం తిరిగి పొలానికి చేర్చే ప్రయత్నాలు స్వీడన్‌లో చాలాకాలంగా నడుస్తున్నాయి. దీని గురించి ఎవరికైనా అనుభవం ఉందా? మందుల అవశేషాల సంగతేమిటి, రవాణా ఎలా?

పలుగుపార · గురువారం, రాత్రి 9:12

ఇప్పుడు చర్చ సరైన చోటికి చేరింది.

నిర్వాహకులు · గురువారం, రాత్రి 10:30

మురుగు, మూత్రం, భాస్వరం విషయానికి వేరే థ్రెడ్ తెరిచాం, నత్రజని గారి చివరి పోస్టు అక్కడికి కాపీ చేశాం. దయచేసి ఆ ప్రశ్నలకి అక్కడే రాయండి. కాలువ బీమా మీద ఇక్కడే కొనసాగించవచ్చు. పలుగుపార గారికి మనవి, కొత్త థ్రెడ్‌లో మొదటి పోస్టు మీది కాకుండా చూసుకోండి.